వదిన చాకుకు పదును పెట్టిన రోజు

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. మా వదిన చాకుకు పదును పెట్టింది నేనే. ఎవరూ పెట్టమనలేదు. జార్లన్నీ పగిలిపోయిన మిక్సీలోంచి మోటారు ఊడబీకి, దానికి సానరాయి బిగించి, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంత బుర్రతో తయారు చేసుకున్న యంత్రం మీద పెట్టాను. కాగితం అంచు తగిలితే చాలు, రెండుగా విడిపోయేది. అలా పెట్టి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఆమె సంచిలో దూర్చేశాను. వదినను ఆశ్చర్యపరుద్దామని నా ఉద్దేశం. ఆశ్చర్యపోయిందో లేదో తెలియదు గానీ నాలుగు కుట్లు పడ్డాయి.

ఇలాంటి ఘనకార్యం చేసినవాడిని 'నేను' అని రాసుకోవడానికి చెయ్యి రావడం లేదు. అందుకని ఇక్కడి నుంచి వాడిని మరిది అంటాను. ఎవరో పక్కింటివాడు అనుకుంటే కాస్త ధైర్యంగా ఉంటుంది. పైగా ఇది వాడి కథ కాదు, వదిన కథ.

వదిన కూరగాయలు తరుగుతుంది. అదే ఆమె ఉద్యోగం. ఏడంతస్తుల ఆఫీసు భవనం, దాని అడుగున క్యాంటీన్, క్యాంటీన్ వెనక వంటగది, వంటగది మూల కిటికీ కింద ఆమె చెక్క. ఇరవై ఒక్క సంవత్సరాలుగా అక్కడే నిలబడుతోంది. ఆమె నిలబడే చోట గచ్చు మీద రెండు పాదాలంత మేర నునుపు తేలింది. కిటికీ రోడ్డు మట్టానికి ఉంటుంది కాబట్టి అందులోంచి చూస్తే వచ్చీపోయేవాళ్ళ కాళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఆఫీసులో సగంమందిని వదిన చెప్పులను బట్టే గుర్తుపడుతుంది. "ఆ మడమ అరిగిన బూట్లాయన ఇవాళ రాలేదేంటి?" అని ఆమె అడిగితే, మూడో అంతస్తు అకౌంటెంటుకు జ్వరం వచ్చిందని అర్థం.

మరిది అదే భవనంలో ఎలక్ట్రీషియన్. బల్బులు మార్చడం, ఫ్యూజులు వేయడం, మిగతా టైములో లిఫ్టు బటన్ల మీద అంకెలు తారుమారుగా అంటించడం వాడి పని. వయసు ఇరవై నాలుగు, బుద్ధి అందులో సగం.

అన్నయ్య, అంటే వదిన భర్త, ఒక ఆదివారం మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఈ చాకు సంగతి జరిగేనాటికి ఎనిమిది నెలలైంది. వదిన ఏడవలేదు. చుట్టాలు మొదట మెచ్చుకున్నారు, గుండె నిబ్బరం గల మనిషని. తర్వాత చెవులు కొరుక్కున్నారు. మూడో వారానికి ఆమె పనిలోకి వెళ్ళిపోయింది. కంచంలో పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. టీవీ పెట్టి ఉంటే చూసేది. వార్తలైనా ఒకటే, సిగ్నల్ పోయి గీతలు వస్తున్నా ఒకటే.

ఒకరోజు మరిది ఆమె టీలో పంచదార బదులు ఉప్పు వేసి ఇచ్చాడు. పూర్వం అయితే గ్లాసుతో సహా నెత్తిన పడేది. వదిన మొత్తం తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. వాడు చేసిన వెధవ పనులన్నిటిలో ఎదురుదెబ్బ తగలనిది అదొక్కటే. వాడు బయటికి వెళ్ళి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు.

ఇంతలో ఆమె వేళ్ళు కూడా పోయాయి. పోవడమంటే తెగిపోవడం కాదు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ఒక పొద్దున వేడి గిన్నె దించి గట్టు మీద పెట్టాక చూసుకుంటే వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎప్పుడు కాలిందో తెలియలేదు. వదిన దాని గురించి పెద్దగా ఆలోచించలేదు. ఒళ్ళంతా ఎలా ఉందో వేళ్ళూ అలాగే ఉన్నాయనుకుంది. మనిషికే ఏమీ తెలియనప్పుడు వేళ్ళకు ప్రత్యేకంగా ఏం తెలుస్తుంది? ఎవరికీ చెప్పలేదు.

కానీ చాకు పట్టేవాళ్ళకు ఎడమచెయ్యే కళ్ళు. కుడిచెయ్యి కోస్తుంది, అంతే. ముక్క ఎంత మందం, చాకు ఎక్కడ దిగుతోంది, వేలు ఎప్పుడు వెనక్కి లాక్కోవాలి అన్నీ చెప్పేది ఎడమచెయ్యి. అది కాస్తా మూగదైపోయింది. అప్పుడు వదిన ఒక ఉపాయం చేసింది. వారానికోసారి సానపట్టేవాడు వచ్చి అందరి చాకులూ పట్టుకెళ్ళేవాడు. ఆమె తన చాకును సంచిలో దాచేసి, "నాది బాగానే ఉంది" అనడం మొదలుపెట్టింది. పదును పోయిన చాకు వేలి మీద పడినా గీరుకుంటుంది గానీ లోపలికి దిగదు. క్యారెట్టు కోయడానికి భుజం బలమంతా పెట్టాల్సి వచ్చేది. పెట్టింది. నాలుగు నెలలు అలా నెట్టుకొచ్చింది.

చెప్పేస్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. క్యాంటీన్ మేనేజరును అందరూ నిమిషం గారు అంటారు. మనిషి మంచివాడే గానీ "ఒక్క నిమిషం" అనకుండా నోరు తెరవడు. చేతికి చిన్న గాయమైనవాళ్ళను కూడా ఆయన చాకు ముట్టుకోనివ్వడు. తిన్నగా పైన గ్లాసులు అందించే కౌంటరుకు పంపించేస్తాడు. అక్కడ రోజంతా మనుషుల మొహాలు చూస్తూ నవ్వుతూ నిలబడాలి. వదినకు ఈ ఎనిమిది నెలల్లో రోజు దానంతట అది గడిచే చోటు ఒక్కటే మిగిలింది, ఆ కిటికీ కింద చెక్క. ముందు గుట్టగా కూరగాయలుంటాయి, కాసేపటికి అవి ముక్కలవుతాయి, ఇంటికి వెళ్ళే టైమవుతుంది. ఆ చోటు పోతే ఆ గంటలన్నిటినీ ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియదు.

ఇక ఆ పళ్ళెం సంగతి. సంవత్సరం చివరి సెలవులు మొదలయ్యే ముందు రోజు ఆఫీసంతా పై హాల్లో కలిసి భోంచేస్తారు. ఆ విందులో నడిబల్ల మీద పెట్టే పచ్చికూరల పళ్ళెం వదినది. మామూలు పళ్ళెం కాదు, బండి చక్రమంత ఉంటుంది. ఉడికించేదీ వేయించేదీ ఏమీ ఉండదు. మధ్యలో గిన్నెడు చిక్కటి పెరుగు, అందులో వెల్లుల్లి, మిరియాలు. చుట్టూ పచ్చిముక్కలతో ఏదో ఒక ఆకారం. ఒక ఏడు పడవ, ఒక ఏడు సీతాకోకచిలుక. ఒకసారి మరిది పక్కన చేరి రెండు ముల్లంగి ముక్కలు అటూ ఇటూ జరిపేసరికి సూర్యుడు కాస్తా అచ్చం నిమిషం గారి బట్టతల అయి కూర్చుంది. ఆయన అరగంట దాని ముందు నిలబడి, "ఒక్క నిమిషం, దీన్ని ఎక్కడో చూశానయ్యా" అన్నాడు.

విందుకు రెండు రోజుల ముందు ఇంట్లో వదిన గట్టు దగ్గర నిలబడి ఏదో తరుగుతోంది. మరిది చెవిలో పాటలు పెట్టుకుని ఫ్రిజ్ వెతుకుతున్నాడు. వదిన చేస్తున్న పని ఆపింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి తనంతట తాను ఒక మాట చెప్పింది.

"మొద్దుబారిపోయిందిరా. ఎంత నొక్కినా తెలియట్లేదు."

మరిది తల తిప్పి చూశాడు. వదిన చేతిలో చాకుంది. తెలుగులో ఇదొక వెసులుబాటు, ఏది మొద్దుబారిందో చెప్పకుండానే మాట పూర్తవుతుంది. వాడి చెవిలో డప్పులు మోగుతున్నాయి, రెండో ముక్క వినబడనేలేదు.

"ఓస్, అంతేనా? దానికేముంది వదినా!" అన్నాడు.

వదిన వాడి మొహంలోకి ఒకసారి చూసి మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. చెప్పింది, విన్నాడు, దానికేముంది అన్నాడు. సరే, దానికేమీ లేదన్నమాట అనుకుంది. మర్నాడు రాత్రి ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు సంచిలోంచి చాకు మాయమై, అరగంటలో మళ్ళీ ప్రత్యక్షమైంది.

విందు రోజు పొద్దున ఆరున్నరకే వదిన వంటగదిలో ఉంది. ఆమెతో పాటు పిండక్క ఉంది. రొట్టెల విభాగం ఆవిడది. మోచేతుల దాకా ఎప్పుడూ పిండే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.

"ఈసారి ఏం బొమ్మ?" అంది పిండక్క.

"పువ్వు."

"ఏం పువ్వు?"

"ఏదో ఒకటి. గుండ్రంగా ఉంటుంది."

పని మాత్రం ఎప్పటిలాగే వరసన సాగింది. పెద్ద బేసిన్లో ఐసునీళ్ళు పోసింది. క్యారెట్టు పుల్లలు అందులో పడేస్తే బిర్రుగా నిలబడతాయి. ముల్లంగికి నాలుగువైపులా గాట్లు పెట్టి వేస్తే అరగంటలో పువ్వులా విచ్చుకుంటుంది. దోసకాయ చక్రాలు పొడిగుడ్డలో ఒత్తాలి, లేకపోతే పళ్ళెమంతా నీరు కారుతుంది. బీట్‌రూటు మాత్రం అన్నిటికంటే ఆఖరున, వేరే చెక్క మీద. ముందే కోస్తే దాని రంగు పక్కవాటికన్నిటికీ అంటుకుని ఊరుకుంటుంది. వదిన ఎడమచెయ్యి ఐసునీళ్ళలో పెట్టి ముక్కలు కలియబెడుతూ అలాగే ఉండిపోయింది.

"తల్లీ, చెయ్యి తియ్! చూస్తుంటే నాకు వణుకొస్తోంది. నీకు చల్లగా లేదూ?" అంది పిండక్క.

"ఉంది" అని చెయ్యి తీసింది వదిన.

చాకు తేలిగ్గా నడుస్తోందని ఆమె గమనించకపోలేదు. భుజానికి ఇవాళ హాయిగా ఉంది. బహుశా క్యారెట్లు లేతవి అనుకుంది. కాలీఫ్లవర్ అందుకుంది. కాడ కోసి, పువ్వులు విడదీసి, ఒక్కొక్కటీ చెక్క మీద పేర్చింది. కిటికీలో మడమ అరిగిన బూట్లు వెళ్ళాయి. వాటి వెంట ఎర్ర చెప్పులు వెళ్ళాయి. ఆమె మనసు వాటి వెనకా వెళ్ళలేదు, ఇక్కడా లేదు.

"అదేంటే, బీట్‌రూటు ముందే కోశావా? కాలీఫ్లవరంతా అంటించేశావు చూడు" అంది పిండక్క వెనకనుంచి.

వదిన కిందికి చూసింది. తెల్లటి పువ్వులు సగం ఎర్రగా ఉన్నాయి. చెక్క ఎర్రగా ఉంది. ఎవరు చేశారిది అనుకుంది. బీట్‌రూట్లు ఆ పక్క బుట్టలో తొక్కు కూడా తీయకుండా బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. అప్పుడు చూపుడువేలు చూసుకుంది. వేలి కొస నోరు తెరుచుకుని ఉంది. ఏ నొప్పీ లేదు. ఎవరి వేలో చెక్క మీద మర్చిపోయి వెళ్ళినట్టుంది.

"అక్కా, గుడ్డ ఇవ్వు" అంది, ఉప్పు అందించమన్నంత మామూలుగా.

పిండక్క కెవ్వుమంది. ఆ కేకకు స్టోరు గదిలోంచి నిమిషం గారు పరిగెత్తుకొచ్చారు. అప్పటికి వదిన వేలికి గుడ్డ చుట్టుకుని ఒక పని చేస్తోంది. చెక్క మీదున్న కాలీఫ్లవర్, పక్క గిన్నెలో ముల్లంగి పువ్వులు, బేసిన్లో క్యారెట్లు, గంటన్నర పనంతా చెత్తబుట్టలోకి వంచేస్తోంది. ఎప్పుడు తెగిందో తెలియనప్పుడు ఏ ముక్క శుభ్రమో ఎలా తెలుస్తుంది? ఎంగిలి పెట్టినా తప్పే, ఇది అంతకంటే తప్పు. ఆ లెక్క ఆమెకు ఏ తడబాటూ లేకుండా తోచింది.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం! ఏమైందమ్మా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. చెయ్యి జారిందండీ అంటే సరిపోయేది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి జారితే ఎవరూ ఏమీ అనరు. కట్టు కట్టించుకుని రేపటి నుంచి మళ్ళీ అదే చెక్క, అదే కిటికీ. కానీ చెత్తబుట్టలో ఎర్రబడిన కాలీఫ్లవర్ కనబడుతోంది. ఇవాళ కాలీఫ్లవర్ కాబట్టి తెలిసింది. బీట్‌రూటు కోస్తున్నప్పుడు తెగి ఉంటే? నూటయాభై మంది తిని, బాగుందని మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు.

"మొద్దుబారిందండీ" అంది వదిన.

నిమిషం గారు చాకు తీసి చూశారు. "ఒక్క నిమిషం. ఇది మొద్దుబారిందా? దీంతో గడ్డం గీసుకోవచ్చమ్మా!"

"చాకు కాదండీ. వేళ్ళు. నాలుగు నెలలైంది. పట్టుకున్నది తెలియదు, కాలింది తెలియదు, తెగిందీ తెలియదు."

సరిగ్గా అప్పుడు మరిది దిగాడు. భుజం మీద నిచ్చెన, మెడలో హాలుకు కట్టాల్సిన బ్యాటరీ రంగు లైట్లు, మొహమంతా నవ్వు.

"ఎలా ఉంది వదినా నా పదును? అడగ్గానే పెట్టేశాను చూశావా!"

మెడలో లైట్లు అప్పుడే ఎందుకో ఒకసారి వెలిగి ఆరాయి. మరిది గుడ్డ చూశాడు, చెత్తబుట్ట చూశాడు, నిమిషం గారి చేతిలో చాకు చూశాడు. నిచ్చెన దించి గోడకు ఆనించాడు, అది జారి పడింది. దాన్ని ఎత్తాలని కూడా వాడికి తోచలేదు.

"నువ్వే పెట్టావా?" అంది వదిన.

"నువ్వే కదా వదినా... మొద్దుబారిందన్నావు..."

"సరే. ఆ దోసకాయలు గుడ్డలో ఒత్తు. చేతులు కడుక్కుని."

తిట్టలేదు. అదే వాడికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

నిమిషం గారు ఆమెను వెంటనే ఆసుపత్రికి పంపుతానన్నారు. వదిన రక్తం ఆగిందని, పువ్వు పెట్టి వెళ్తానని అంది. వేలికి కట్టు, దాని మీద గ్లౌజు, గ్లౌజు మీద ఇంకో గ్లౌజు. ఎడమచేతిని వెనక్కి పెట్టుకుని నిలబడింది. చెక్క మార్చారు, చాకు మార్చారు. పిండక్క తరిగింది. రొట్టెలు కోసే చెయ్యి కావడంతో ఆవిడ క్యారెట్టు పుల్లలు కుర్చీ కాళ్ళంత వచ్చాయి.

"ఇవి తినడానికా, పొయ్యిలో పెట్టడానికా?" అంది వదిన.

"చేతగానిదాన్ని పట్టుకుని వేళాకోళమా? నోరు మూసుకుని ఎక్కడ పెట్టాలో చెప్పు."

అంత లావు ముక్కలతో పువ్వు కుదరదు. వదిన పళ్ళెం వైపు కాసేపు చూసింది. పైన క్యారెట్టు దుంగల్ని వరసగా నిలబెట్టింది. అది కంచె అయింది. కంచె కింద పాలకూర పరిచి, పెరుగు గిన్నె చుట్టూ పసుపుపచ్చ క్యాప్సికం, చిన్న టమాటాలు, మరిది ఒత్తిచ్చిన దోసకాయ చక్రాలు. కుడిచేత్తో ఒక్కొక్కటీ పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు వచ్చి జరిపింది. చూపుతో చేసే పని చూపుతో జరిగిపోయింది. బీట్‌రూటు వద్దంది. పన్నెండు కొట్టేసరికి పళ్ళెం పైకి వెళ్ళింది.

విందులో ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. ఎవరో పోయినేడాదిదే బాగుందన్నారు. ఇంకెవరో కంచెలోంచి ఒక దుంగ పీకారు, దాని పక్కది పడిపోయింది. వదిన తలుపు దగ్గర నిలబడి ఆ తోట తగ్గిపోతుండగా చూసింది. గంటకల్లా ఖాళీ పళ్ళెం మిగిలింది. బాగుందనీ అనిపించలేదు, బాధగానూ అనిపించలేదు. తోమడానికి ఎవరు తీసుకెళ్తారా అనుకుంది.

కుట్లు వేశాక డాక్టరు మణికట్టు చూశారు. ఏళ్ళ తరబడి ఒకే పని చేయడం వల్ల అక్కడ నరం నొక్కుకుపోయిందన్నారు. చిన్న ఆపరేషన్ చేయాలని, స్పర్శ మెల్లగా రావచ్చని, మొత్తం వస్తుందని మాట ఇవ్వలేనని అన్నారు. తర్వాత ఒక సూది తీసుకుని కళ్ళు మూసుకోమన్నారు.

"తెలుస్తోందా?" బొటనవేలు.

"లేదు."

"ఇక్కడ?" మధ్యవేలు.

"లేదండీ."

"ఇక్కడ?"

"అబ్బా!" అని వదిన చెయ్యి లాక్కుంది.

అది చిటికెనవేలు. దాని నరం వేరట, దానికేమీ కాలేదట. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. వదిన ఆ వేలినే చూస్తూ కూర్చుంది. సూది గుచ్చిన చోట చిన్న ఎర్రచుక్క. దాన్ని బొటనవేలితో రుద్దింది. బొటనవేలికి ఏమీ తెలియలేదు, చిటికెనవేలికి తెలిసింది. ఇంటికి వచ్చేదాకా బస్సులో అలా రుద్దుతూనే ఉంది. పక్క సీట్లో మరిది కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాడు.

సెలవులయ్యాక నిమిషం గారు ఆమెను పిలిచారు. కౌంటరు మాట ఎత్తలేదు. "ఒక్క నిమిషం ఆలోచించానమ్మా" అన్నారు. చెత్తబుట్టలోకి అన్నీ తనే వంచేసిన మనిషిని పైకి పంపితే కింద కూరగాయలు చూసేదెవరని అడిగారు. పొద్దున వచ్చే సరుకు ఏరి తీసుకోవడం, తరిగేవాళ్ళకు చెప్పి చేయించడం, పళ్ళేలు సర్దడం ఇప్పుడు వదిన పని. నిలబడేది ఆ కిటికీ కిందే. చాకు మాత్రం నిమిషం గారి సొరుగులో ఉంది, తాళం వేసి. ఆపరేషన్ అయి, డాక్టరు రాసిస్తేనే బయటికి వస్తుంది. రాకపోవచ్చు కూడా. అప్పుడప్పుడు వదిన కుడిచెయ్యి ఖాళీగానే, తరుగుతున్నట్టు చెక్క మీద తాళం వేస్తుంటుంది.

ఇదంతా రాసి, నిన్న పొద్దున టీ పట్టుకెళ్ళి ఆమెకు చదివి వినిపించాను. ఇక మరిది వేషం తీసేస్తున్నాను, ఇది నేనే. వదిన మణికట్టు పట్టీ సర్దుకుంటూ, మధ్యలో ఒక్కసారీ ఆపకుండా చివరిదాకా విన్నది.

"ఎలా ఉంది వదినా? తప్పు నాదేనని మొదటి ముక్కలోనే ఒప్పేసుకున్నాను చూశావా?"

వదిన టీ ఒక గుక్క తాగింది.

"ఆ రోజు చెవిలోవి తీసి 'ఏది వదినా?' అని ఒక్క మాట అడిగుంటే, ఇన్ని కాగితాలు మిగిలేవి కదరా."